రేసుల్లోంచి వచ్చిన ఆడగుర్రం ఉంది. వార్మ్‌బ్లడ్‌తో దాటించాలా, ఉన్న డబ్బుతో ఇంకో గుర్రం కొనాలా?

ధర్మసాగర్ సవారీ:

అందరికీ నమస్తే. మాది హనుమకొండ పక్కన ధర్మసాగర్. రెండెకరాల చల్కలో చిన్న తబేలా, నాలుగు గుర్రాలు. వ్యాపారం అనేంత లేదు. ఆదివారాలు పదీ పన్నెండు మంది పిల్లలు వస్తారు, దానా ఖర్చు వెళ్ళిపోతుంది.

సమస్య మా పాపతో వచ్చింది. తనకి 14 ఏళ్ళు. 80 సెంటీమీటర్ల జంపులు హాయిగా దూకిస్తోంది, 90కి వెళ్తానంటోంది. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెసాజ్ (గుర్రాన్ని లయగా నడిపించే పోటీ) టీమ్‌కి స్వర్ణం వచ్చినప్పటి నుంచి ఇంట్లో వార్మ్‌బ్లడ్ జపమే, అదే, ఇలాంటి పోటీలకి పెంచే యూరప్ సవారీ గుర్రాలు. గోడ మీద హానోవేరియన్ అనే జర్మన్ వార్మ్‌బ్లడ్ బొమ్మ, ఫోన్ తెరిస్తే హానోవేరియన్ బొమ్మ.

నా దగ్గర గౌరి అని థరోబ్రెడ్ (రేసుల జాతి) ఆడగుర్రం ఉంది. వయసు 9, ఎత్తు 15.3 హ్యాండ్స్, అంటే భుజం దగ్గర సుమారు అయిదడుగుల మూడంగుళాలు. అయిదో ఏడు దాకా మలక్‌పేటలో పరుగెత్తింది. ఇప్పుడు పిల్లలకి నేర్పేది ఎక్కువగా అదే. బోనాలప్పుడు డప్పులు గేటు ముందు నుంచి పోతుంటే ఒక చెవి అటు తిప్పి విని మళ్ళీ గడ్డిలో తల పెట్టేస్తుంది. అంత నెమ్మది. కుడి ముందుకాలు మాత్రం కొంచెం బయటికి తిరిగి ఉంటుంది, పుట్టుకతోనే.

ఒకాయన, విదేశీ హానోవేరియన్ ఫ్రోజెన్ వీర్యం తెప్పిస్తాను, గౌరికి వేయిద్దాం, ఇంట్లోనే పిల్ల పుడుతుంది అంటున్నాడు. ఇంకొకాయన పుణె వైపు నాలుగేళ్ళ మగది ఉంది, సగం వార్మ్‌బ్లడ్, 7 లక్షలు అంటున్నాడు. నా దగ్గర ఉన్నది 6. మే నెలలో మా దగ్గర 44 డిగ్రీలు దాటుతుంది, అంత కండ ఉన్న గుర్రాలు ఇక్కడ బతుకుతాయా అనేది నా అసలు టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత సైస్, జమ్మికుంట:

తమ్మీ, ఎండ సంగతి తర్వాత. ముందు వేళ్ళ మీద ఒక లెక్క వేద్దాం.

ఇప్పుడు జులై. ఇప్పటికిప్పుడు వేయిస్తే పదకొండు నెలలకి, అంటే జూన్ ఎండల్లో ఈనుతుంది, అది వద్దు. వచ్చే ఫిబ్రవరిలో గౌరిని కట్టిస్తే ఆపై జనవరిలో పిల్ల పుడుతుంది. మూడేళ్ళు నిండేదాకా వీపు మీద బరువు పెట్టకూడదు. వార్మ్‌బ్లడ్ వైపు పిల్లలు ఎత్తు త్వరగా పెరిగినా ఎముక గట్టిపడటం ఆలస్యం. నాలుగో ఏట జీనుకి, మనిషికి అలవాటు పడుతుంది. జంపుల మీదికి నిజంగా వెళ్ళేది అయిదులో. అప్పటికి మీ పాపకి ఇరవై దాటుతాయి. ఏ ఇంజనీరింగ్ హాస్టల్లోనో ఉండి వీడియో కాల్లో గుర్రాన్ని చూసుకుంటుంది.

కాబట్టి పాప కోసం దాటించాలా అని అడిగితే నా జవాబు వద్దు. గుర్రాల పెంపకం మీద మీకే మోజు ఉండి అడిగితే, ఆలోచించవచ్చు. ఇవి రెండు వేరు వేరు ప్రశ్నలు. మీరు రెండూ కలిపి అడుగుతున్నారు.

నేను ఇరవై రెండేళ్ళు సైస్‌గా, అంటే గుర్రాల్ని చూసుకునే పని చేశాను, మొదట రేసు గుర్రాల దగ్గర, తర్వాత రైడింగ్ స్కూళ్ళలో. వార్మ్‌బ్లడ్ అంటే ఏదో వేడి రక్తం అని చాలామంది అనుకుంటారు. ఒంట్లో రక్తం అన్ని గుర్రాలకీ ఒకే వేడి. అరబ్బీ, థరోబ్రెడ్ లాంటి చురుకు గుర్రాల్ని హాట్‌బ్లడ్ అన్నారు, బండ్లు లాగే బరువు గుర్రాల్ని కోల్డ్‌బ్లడ్ అన్నారు, నడుమ రకం వార్మ్‌బ్లడ్. అంతా స్వభావం మాటే. జర్మనీలో సెల్లె అనే ఊళ్ళో 1735లోనే సర్కారు మగగుర్రాల శాల పెట్టారు, హానోవేరియన్ అక్కడి నుంచి వచ్చిందే. ఆ గుర్రాలు పొలం దున్నేవి, బండి లాగేవి, పటాలానికి పోయేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టర్ వచ్చేసరికి గుర్రానికి పని లేకుండా పోయింది. మన దగ్గర ట్రాక్టర్ వచ్చాక ఎడ్లు కోతకి పోయాయి. వాళ్ళు థరోబ్రెడ్, ట్రాకెనర్ (ఇంకో జర్మన్ సవారీ జాతి) మగవాటితో కలిపి బరువు తగ్గించి సవారీ గుర్రంగా మార్చుకున్నారు. అంటే మీ గౌరి జాతి రక్తం హానోవేరియన్‌లో ముందే ఉంది. వాటి కలయిక కొత్తేమీ కాదు.

అయితే దాటించేముందు చూడాల్సింది మగదాని ఫొటో కాదు, మన ఆడదాన్ని. ఇదే ఎవరూ వినరు. మగగుర్రం పేరు చెప్పి మురిసిపోతారు. కడుపులో పదకొండు నెలలు పెట్టుకునేది, ఆరు నెలలు వెంట తిప్పుకునేది తల్లి. తల్లి బెదురుదైతే పిల్ల బెదరడం నేర్చుకునే పెరుగుతుంది. నేను చూసిన మంచి క్రాసులన్నిటికీ తల్లులు ఎవరూ పట్టించుకోని నెమ్మది గుర్రాలే. డప్పులకి చెవి తిప్పి గడ్డి తినే గుర్రం అన్నారు చూడండి, మీ ప్రశ్న మొత్తంలో నాకు నచ్చిన మాట అదొక్కటే. రేసుల్లో ఎన్ని గెలిచింది అనేది మనకి పనికిరాదు. అయిదేళ్ళు వచ్చేదాకా పరుగెత్తినా కాలి నరాలు చెడలేదంటే అది పనికొస్తుంది. మోకాలి కింద వెనకవైపు నరాన్ని (కండరాన్ని ఎముకకి కట్టే పట్టీని) బొటనవేలితో పైనుంచి కిందికి నిమిరి చూడండి. తాడులా సాఫీగా ఉండాలి. ఎక్కడైనా అరటికాయలా ఉబ్బు తగిలితే పాత దెబ్బ.

తిరిగిన కాలు మోకాలి దగ్గర తిరిగిందా, గిట్ట పైకీలు దగ్గర తిరిగిందా? తారు రోడ్డు మీద, లాడాలు లేకుండా, ఎదురుగా ఒకసారి వెనక నుంచి ఒకసారి నడిపించి వీడియో పెట్టండి. జూమ్ చేయొద్దు.

ఇక పుణె గుర్రం. సగం వార్మ్‌బ్లడ్ అన్నారు, మిగతా సగం ఏంటి? తల్లి కూడా సగమేనా? పత్తి వేసే ఎవరినైనా అడగండి. హైబ్రిడ్ ప్యాకెట్ తెచ్చి విత్తితే చేనంతా ఒక ఎత్తు. దాని గింజ దాచి మళ్ళీ విత్తితే ఒక మొక్క నడుం దాకా, ఒక మొక్క మోకాలి దాకా. గుర్రాల్లో అంత కచ్చితంగా ఉండదు, వార్మ్‌బ్లడ్‌లే అన్నదమ్ములు ఒక్కలా ఉండవు. అయినా అటు అసలు వార్మ్‌బ్లడ్, ఇటు అసలు థరోబ్రెడ్ కలిపితే వచ్చేది ఎలా ఉంటుందో కొంత ఊహించవచ్చు. క్రాసుకీ క్రాసుకీ కలిపితే తాత తల, అమ్మమ్మ కాళ్ళు వచ్చినా అడిగేవాడు లేడు. పెంచినవాడికి కాదు, కొన్నవాడికి తలనొప్పి.

బారాత్ గుర్రాలు, కరీంనగర్:

అన్నా, నా అనుభవం ఒకటి రాస్తున్నా, నవ్వుకోండి. మాకు పెళ్ళి బారాత్‌లకి తెల్ల గుర్రాలు, నుక్రాలు ఉన్నాయి. మూడేళ్ళ క్రితం ఒక దళారి 'జర్మన్ క్రాస్' అని పెద్ద గుర్రాన్ని చూపించాడు. మెడ ఇంత లావు, గిట్టలు తట్టల్లా ఉన్నాయి. మూడున్నర లక్షలు పెట్టాను. మా నాన్న సుడులు చూసి వద్దన్నాడు, నేను ఈ కాలంలో సుడులేంటి అన్నాను. సుడుల వల్ల కాదు గానీ నాన్న మాటే నిజమైంది. అది ట్రాట్ (దుడుకు నడక) చేస్తే మనిషి పళ్ళు రాలిపోతాయి. లావు మెడ చూసి వార్మ్‌బ్లడ్ అనుకున్నాను, తీరా చూస్తే టాంగా లాగే రకం. కాయితం అడిగితే 'గుర్రమే కాయితం' అన్నాడు. ఇప్పుడు అది ఊరేగింపు రథం లాగుతోంది. ఆ పనికి బంగారం.

రకరకాల గుర్రాలు ఒకేచోట చూడాలంటే నాందేడ్ జిల్లా మాళెగావ్ ఖండోబా జాతరకి వెళ్ళిరండి. చలికాలంలో జరుగుతుంది, మనకి దగ్గరే. కొనడానికి కాదు, కన్ను కుదరడానికి.

పశువుల డాక్టర్, కోరుట్ల:

సైస్ గారు చెప్పిన వయసు లెక్కకి నేనేమీ కలపను. ఫ్రోజెన్ వీర్యం గురించి మాత్రం రాయాలి. ఆవులకి గోపాలమిత్ర (ఊళ్ళో సూది వేసే కార్యకర్త) వచ్చి వేసి వెళ్ళినట్టు ఇది అయిపోతుందని చాలామంది అనుకుంటున్నారు.

నైట్రోజన్ కంటైనర్ ఒకటే, మిగతాదంతా వేరు. ఆవుకి ఒక స్ట్రా చాలు. గుర్రానికి ఒక డోసు అంటే తరచుగా ఎనిమిది స్ట్రాల దాకా ఉంటుంది. ఆడగుర్రం మూడు వారాలకోసారి ఎదకు వస్తుంది, అయిదారు రోజులు ఎదలో ఉంటుంది, అండం విడుదలయ్యేది ఆ చివర్లో. ఫ్రోజెన్ వీర్యం లోపల కొన్ని గంటలే నిలుస్తుంది. కాబట్టి స్కానింగ్‌లో అండాశయంలో బుడగ 35 మిల్లీమీటర్లు చేరాక ఇంజెక్షన్ ఇచ్చి, ఒకటిన్నర రోజు తర్వాత నుంచి ఆరు గంటలకోసారి, అర్ధరాత్రి అయినా సరే, స్కాన్ చేస్తూ అండం విడుదలైన వెంటనే వేయాలి. ధర్మసాగర్‌కి రాత్రి రెండింటికి మిషన్ పట్టుకుని వచ్చే డాక్టర్ మీకు ఉన్నారా? వీర్యం రేటుకి ముందు ఇది తేల్చుకోండి. గుర్రాల మీద చేయి తిరిగినవాళ్ళు మనవైపు తక్కువ. గౌరిని నెల రోజులు హైదరాబాద్‌లో ఉంచడం చవక పడవచ్చు. మొదటిసారే కడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

మరొకటి, తెప్పిస్తానన్న పెద్దమనిషిని ఆ మగగుర్రం డబ్ల్యూఎఫ్‌ఎఫ్‌ఎస్ రిపోర్టు అడగండి. వార్మ్‌బ్లడ్‌లలో ఉండే జన్యులోపం ఇది. చర్మం, కీళ్ళు పట్టు లేకుండా పుట్టి పిల్ల చనిపోతుంది. ఇద్దరు తల్లిదండ్రుల్లోనూ లోపం ఉంటేనే పిల్లకి జబ్బు వస్తుంది, ఒక్కరిలోనే ఉంటే రాదు. వార్మ్‌బ్లడ్‌లలో సుమారు పదింటిలో ఒకటి పైకి ఏమీ కనపడకుండా దీన్ని మోస్తుంది. జూలు వెంట్రుకల కుదుళ్ళతో పరీక్ష చేస్తారు. థరోబ్రెడ్‌లలో తక్కువే గానీ అసలు లేదని కాదు, గౌరికి కూడా చేయించండి.

కడితే పదిహేనో రోజు స్కాన్ తప్పదు, కవలలు ఉన్నాయేమో చూడాలి. గుర్రానికి కవలలు గండం. ఎక్కువసార్లు రెండూ దక్కవు. ఆ రోజుల్లోనే ఒకదాన్ని తీసేస్తే రెండోది నిలుస్తుంది. ఈనే రాత్రికి మూడు అంకెలు గుర్తుంచుకోండి: గంటలో పిల్ల లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. ముర్రుపాలు మొదటి ఆరు గంటల్లో కడుపు నిండా పడాలి. మాయ మిగిలిపోతే బర్రెకి రెండు రోజులు చూసినట్టు చూడొద్దు, గుర్రానికి ప్రాణం మీదికి వస్తుంది.

పుణె గుర్రాన్ని తెచ్చుకునే పక్షంలో గ్లాండర్స్ అనే అంటురోగం పరీక్ష రిపోర్టు లేకుండా ట్రక్కు ఎక్కించవద్దు. మనుషులకి కూడా అంటుతుంది, తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. వానల తర్వాత జోరీగలతో వచ్చే సర్రా రోగం మీకు తెలిసే ఉంటుంది.

ధర్మసాగర్ సవారీ:

ముగ్గురికీ థాంక్స్. ఇరవై ఏళ్ళ లెక్క చూసి పాప ఒక పూట అన్నం తినలేదు. నాకే ఆ లెక్క తట్టకపోవడం సిగ్గుగా ఉంది.

వీడియో పెట్టాను. దానాలో ఏమైనా మార్చాలా కూడా చెప్పండి. అరెకరంలో సూపర్ నేపియర్ వేశాను, రోజంతా అదే. పక్కనే రైస్‌మిల్లు ఉంది కాబట్టి తవుడు చవకగా వస్తుంది, పూటకి రెండు కిలోలు. పైన నానబెట్టిన ఉలవలు.

పాత సైస్, జమ్మికుంట:

వీడియో నాలుగుసార్లు చూశాను. కాలు గిట్ట పైకీలు దగ్గర తిరిగింది, మోకాలు నేరుగా ఉంది. కుడికాలు లోపలికి చక్రం తిప్పినట్టు విసురుతోంది గానీ ఎడమ కాలికి తగలడం లేదు. మూడేళ్ళు పిల్లల్ని మోసింది కాబట్టి దాని వరకు పర్వాలేదు. పిల్లకి మాత్రం రావచ్చు. దాటిస్తే ముందుకాళ్ళు గీత గీసినట్టున్న మగదాన్నే వెతకాలి, పైగా థరోబ్రెడ్ తల్లులకి పుట్టిన దాని పిల్లల వీడియోలు చూడాలి. దాని సొంత జంపుల వీడియోలు అందరూ పంపుతారు. ఎత్తు మోజు వద్దు. 16.2 హ్యాండ్స్ మించిన తండ్రి అక్కర్లేదు.

ఎత్తు మాట వచ్చింది కాబట్టి, పెద్ద మగదాన్ని కడితే పిల్ల అడ్డం పడుతుందని కొందరు భయపెడతారు. 1938లో ఇంగ్లండ్‌లో ఏనుగంత షైర్ గుర్రాల్నీ, మేకంత షెట్‌లాండ్ పోనీల్నీ అటూ ఇటూ కలిపి చూశారట. షైర్ తల్లికి పుట్టిన పిల్ల షెట్‌లాండ్ తల్లికి పుట్టినదానికి దాదాపు మూడు రెట్లు బరువుంది, రక్తం మాత్రం రెండిట్లోనూ సగం సగమే. కడుపులో ఎంత చోటుంటే అంతే పెరుగుతుంది. ఇది నాకు రైడింగ్ స్కూల్లో ఒక డాక్టర్ సార్ చెప్పారు, అప్పటి నుంచి ఎవరు భయపడినా నేను ఇదే చెప్తాను.

ఎండ సంగతి. బరువు గుర్రం ఒంట్లో వేడి బయటికి పోవడం కష్టం, అది నిజం. టోక్యో ఒలింపిక్స్‌లోనే ఎండకి భయపడి క్రాస్ కంట్రీ (బయలు మీద అడ్డంకులు దూకించే పోటీ) పొద్దున్నే పెట్టారు, మన రైడర్ ఫవాద్ మీర్జా అందులోనే దూకించాడు. వార్మ్‌బ్లడ్ క్రాసులు ఇక్కడ బతుకుతాయి గానీ మీ టైంకి పని చేయవు, వాటి టైంకి మీరు లేవాలి. మార్చి నుంచి జూన్ దాకా అయిదింటికి జీను, ఏడింటికి విప్పడం. తిరిగొచ్చాక చన్నీళ్ళు పోస్తూనే ఉండండి, కాళ్ళ మధ్య, మెడ మీద, ఊపిరి నెమ్మదించే దాకా. నీళ్ళు పోస్తే నరాలు పట్టేస్తాయని పాత సైస్‌లు అంటారు, నేనూ అన్నాను ఒకప్పుడు. తప్పు. రేకుల షెడ్డయితే పైన వరిగడ్డి పరిపించండి. ఎండలో పనిచేసినా చెమట పట్టని గుర్రాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

పుణె గుర్రాన్ని చూడటానికి వెళ్తే చెప్పకుండా పొద్దున్నే వెళ్ళండి, తబేలాలో చల్లగా నిలబడి ఉన్నప్పుడు. ముందే సవారీ చేసి చెమటలు పట్టించి ఉంచారంటే వెనక్కి వచ్చేయండి. ముందు వాళ్ళ మనిషి ఎక్కాలి, తర్వాత మీరు, ఆ తర్వాతే పాప. మరుసటి రోజు మళ్ళీ అదే. అది ఖస్సీ అయిందా (విత్తులు తీయించారా) లేదా? మీ తబేలాలో ఆడగుర్రం, పదిమంది పిల్లలు ఉండగా ఖస్సీ కాని నాలుగేళ్ళది నాకైతే వద్దు. ముందుకాళ్ళ, వెనక మోకాళ్ళ ఎక్స్‌రేలు మీ డాక్టర్‌తో తీయించండి, వాళ్ళ డాక్టర్‌తో కాదు. రక్తం తీసి దాచి పెట్టమనండి, మత్తు ఇచ్చారేమో తర్వాతైనా తెలుస్తుంది. తండ్రి గుర్రం పాస్‌పోర్టు (జాతి తెలిపే కాయితం) జిరాక్స్ చూపించలేకపోతే అది వార్మ్‌బ్లడ్ క్రాస్ కాదు, 7 లక్షల గుర్రం కాదు, మంచి సవారీ గుర్రమైతే దాని ధర దానికి ఉంటుంది.

నా మాట అడిగితే ఆ 6 లక్షల్లో సగం పెట్టి ఏడెనిమిదేళ్ళ వయసున్న, మీటరు దూకిన థరోబ్రెడ్‌ని ఏదైనా స్కూల్లోంచి తెచ్చి పాపకి ఇవ్వండి. పాపకి నేర్పే గుర్రం కావాలి, పాప నేర్పాల్సిన గుర్రం కాదు. మిగతా సగం ఉంచండి. ఫిబ్రవరికి కూడా గౌరి పిల్ల మీద మనసుంటే అప్పుడు నాకు ఫోన్ చేయండి. పిల్ల పుట్టాక నాలుగేళ్ళకి నెలకి పదివేలు చొప్పున చూసుకున్నా 4 లక్షల 80 వేలు, అది వీర్యానికీ డాక్టర్లకీ కాకుండా.

దానా డాక్టర్ గారు చెప్పాలి. ఆ నేపియర్ మాత్రం నాకు నచ్చలేదు.

పశువుల డాక్టర్, కోరుట్ల:

నాకూ నచ్చలేదు. నేపియర్‌లో ఆక్సలేట్ ఎక్కువ, అది గడ్డిలోని కాల్షియాన్ని గుర్రానికి అందనివ్వదు. తవుడులో ఫాస్ఫరస్ కాల్షియానికి ఎన్నో రెట్లు. రెండూ కలిస్తే ఒంట్లో ఎముకల్లోంచే కాల్షియం లాగేస్తుంది, దవడ ఎముకలు ఉబ్బుతాయి, కాళ్ళు కుంటుతాయి. పూర్వం పిండిమిల్లుల గుర్రాలకి ఎక్కువ వచ్చేదని దీన్ని మిల్లు గుర్రాల రోగం అనేవారు. మీ గుర్రాలదీ మిల్లు పక్క కాపురమే. చూడి గుర్రానికి ఈ దానా అస్సలు పనికిరాదు, పిల్ల ఎముకలు అక్కడే చెడతాయి. ఫిబ్రవరి మాట తర్వాత, ఈ వారమే మార్చండి.

తవుడు ఒక్కసారిగా కాకుండా పదిరోజుల్లో తగ్గించి ఆపేయండి. లూసర్న్ గడ్డి దొరికితే రోజుకి రెండు కిలోల ఎండుది, మిగతాది జొన్న చొప్ప, ఎండుగడ్డి. ఉలవలు ఉడికించి పెట్టండి, కొంచెం తగ్గించి. ఉప్పుగడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. రక్తంలో కాల్షియం మామూలుగా వచ్చినా నమ్మకండి, ఎముకల్లోంచి తీసుకుని సరిపెట్టుకుంటూ ఉంటుంది.

నేపియర్ పీకేయనక్కర్లేదు. పక్కింటి బర్రెలకి కోసి ఇవ్వండి. వాటి మొదటి కడుపులోని సూక్ష్మజీవులు చాలావరకు ఆక్సలేట్‌ని విరగ్గొట్టేస్తాయి. బదులుగా పాలు అడగండి.